వాన నీటికి ఎంత సంపు కట్టాలి?

ఇల్లు కట్టేటప్పుడు వాన నీటి సంపు మాట రాగానే మేస్త్రీ అడిగేది ఒక్కటే: "ఎన్ని వేల లీటర్లకు తవ్వమంటారు?" చాలామంది ఉన్న జాగాను చూసి, చేతిలో మిగిలిన డబ్బును చూసి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. కాస్త లెక్క తెలిసినవాళ్లు డాబా వైశాల్యాన్ని ఏడాది వర్షపాతంతో గుణించి, అరవై వేల లీటర్లు వస్తున్నాయని తేల్చి, అంత సంపు ఎక్కడ కట్టేదని బెంగపడి ఊరుకుంటారు. రెండు పద్ధతులూ దారి తప్పిస్తాయి. సంపు సైజును తేల్చేవి రెండే: ఆ నీళ్లు దేనికి వాడతారు, వాన చుక్క లేకుండా ఎన్ని రోజులు నెట్టుకురావాలి. ఏడాది వర్షపాతం పని ఆ సంపు నిండుతుందో లేదో చూసుకోవడం వరకే.

అంతకంటే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. నీరు, భూమి, చెట్ల సంరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక మన దగ్గర వాన నీటి సంరక్షణ అంటే ఇంకుడు గుంత అన్న అర్థం స్థిరపడిపోయింది. ఇంకుడు గుంత తప్పక ఉండాల్సిందే. కానీ అందులో దిగిన నీరు నేలలో కలిసి చుట్టుపక్కల బోర్లన్నిటికీ పంచుకుపోతుంది, మీ బిందెలోకి ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మర్రిగూడ, మునుగోడు, కనిగిరి, దర్శి లాంటి చోట్ల ఇంకిన నీరు మళ్లీ ఫ్లోరైడ్ ఉన్న రాతి పొరల్లోంచే పైకి రావాలి. తీరం వెంట ఊళ్లలో అది ఉప్పునీటిలో కలుస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. అందుకే ఇలాంటి ఊళ్లలో డాబా మీద పడ్డ నీటిని నేల తాకకుండా సంపులోకి పట్టుకోవడానికి అంత విలువ. ఈ వ్యాసం ఆ సంపు గురించే.

డాబా ఇచ్చేది ఎంత

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మొత్తం లెక్కకు ఇదే పునాది. 1000 చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు, కాబట్టి ఒక మిల్లీమీటరుకు 93 లీటర్లు పడతాయి. పడ్డవన్నీ సంపుకు చేరవు. ఎండకు కాలిన స్లాబు కొంత పీల్చుకుంటుంది, మడుగులు కట్టిన చోట కొంత ఆవిరైపోతుంది, దుమ్ముతో వచ్చే తొలి నీటిని మనమే వదిలేస్తాం, కుండపోతగా కురిసినప్పుడు ఫిల్టరు మీదుగా కొంత పొర్లిపోతుంది. స్లాబుకు నూటికి 80, రేకులకు 85 నుంచి 90, పెంకులకు 75 వంతులు చేతికి వస్తాయనుకోవచ్చు. మన డాబాకు గుండ్రంగా మిల్లీమీటరుకు 75 లీటర్లు.

కొలిచేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఇంటి ప్లాన్‌లో రాసిన వైశాల్యాన్ని తీసుకోకండి. పిట్టగోడ లోపల, ఏ భాగం వాలు సంపు పైపు వైపు ఉందో ఆ భాగాన్నే కొలవండి. చాలా డాబాల మీద నీరు రెండు మూడు తూముల్లోంచి వెళ్తుంది, సంపుకు కలిపేది ఒక్క తూమునే. అప్పుడు 1000 అడుగుల డాబా లెక్కలో 400 అడుగులే. పెంకుటిల్లయితే ఏటవాలు కప్పును కొలవక్కర్లేదు, చూరు కింద నేల మీద పడే నీడంత కొలిస్తే చాలు. ఆస్‌బెస్టాస్ రేకుల నీటిని, తారు పూసిన కప్పు నీటిని తాగడానికి పట్టకండి.

ఎవరికి, దేనికి

గ్రామీణ నీటి సరఫరాకు చాలాకాలం పాటించిన 40 లీటర్ల ప్రమాణంలో మనిషికి రోజుకు తాగడానికి 3, వంటకు 5, స్నానానికి 15, గిన్నెలకూ ఇల్లు కడగడానికీ 7, మరుగుదొడ్డికి 10 లీటర్లు వేశారు. ఇప్పుడు కేంద్రం కుళాయి నీటి పథకం జల్ జీవన్ మిషన్ 55 లీటర్లు అంటోంది. సంపు లెక్కకు 40, 55 అన్న మొత్తాల కంటే ఆ విడివిడి అంకెలే పనికొస్తాయి. తాగడానికీ వంటకూ కలిపి 8 లీటర్లు, అంటే అయిదుగురి ఇంటికి రోజుకు 40 లీటర్లు. అన్ని అవసరాలకూ అయితే 55 చొప్పున 275 లీటర్లు. ఒకే డాబా, ఒకే వాన అయినా ఈ రెండిళ్లకు కావలసిన సంపులకు పోలికే లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల వానను తీసుకుని తాగు నీటి సంపు లెక్క చూద్దాం. సగటు వాన గుండ్రంగా జూన్‌లో 105 మిల్లీమీటర్లు, జూలై 170, ఆగస్టు 200, సెప్టెంబరు 140, అక్టోబరు 100, నవంబరు 25. ఆ తర్వాత డిసెంబరు 5, జనవరి 10, ఫిబ్రవరి 5, మార్చి 15, ఏప్రిల్ 20, మే 35. మొత్తం 830. మన డాబాకు ఏడాదికి 62 వేల లీటర్లు వస్తాయి. తాగడానికీ వంటకూ ఏడాదికి కావలసింది 14,600 మాత్రమే. నాలుగింతలకు పైగా ఉంది కాబట్టి కొరత లేదు.

ఇప్పుడు నెలనెలా వచ్చేదానిలోంచి నెలకు 1,200 లీటర్ల వాడకాన్ని తీసేయండి. డిసెంబరులో వచ్చేది 375, అంటే 825 లోటు. జనవరిలో 450, ఫిబ్రవరిలో 825, మార్చిలో 75 లోటు. ఏప్రిల్‌లో 1,500 వస్తాయి కాబట్టి లోటు ఉండదు. అన్ని లోట్లూ కలిపితే 2,175 లీటర్లు. కాగితం మీద చూస్తే రెండు వేల పైచిలుకు లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఒకటి తెచ్చి పెడితే సరిపోవాలి.

ఆ ట్యాంకు జనవరికల్లా ఎండిపోతుంది. ఎందుకంటే మార్చిలో 15 మిల్లీమీటర్లు అన్న సగటు వెనుక ఉన్నది ఏటా పడే 15 కాదు. మూడు నాలుగేళ్లు ఒక్క చుక్క పడదు, ఒక ఏడాది ఒక్క సాయంత్రం గాలివానతో 60 మిల్లీమీటర్లు కుమ్మరిస్తుంది. సగటు తీస్తే 15 వస్తుంది. పడని ఏడాదిలో తాగడానికి సగటు నీళ్లు ఉండవు. పైగా ఎండాకాలంలో పడే నాలుగైదు మిల్లీమీటర్ల జల్లులు కాలిన స్లాబును తడిపి, దుమ్మును కడిగి, తొలి నీటితోనే పోతాయి.

అందుకని సగటు 40 మిల్లీమీటర్ల లోపు ఉన్న నెలలన్నిటినీ సున్నా అనుకుని లెక్క వేయాలి. మన పెద్దల కార్తెల లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. చిత్త కార్తె అక్టోబరు 23 ప్రాంతంలో వెళ్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. మధ్యలో 228 రోజులు. రోజుకు 40 లీటర్ల చొప్పున 9,120 లీటర్లు. సంపు పది వేల లీటర్లది కావాలి. సగటుతో వేసిన లెక్కకూ దీనికీ నాలుగు రెట్ల తేడా.

మీకు మరో నమ్మకమైన నీరు కొన్నాళ్లు దొరికితే ఆ రోజులు తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో మిషన్ భగీరథ కుళాయి నీరో, శుద్ధి చేసిన క్యాన్లో తప్పకుండా వస్తాయనుకుంటే 60 రోజులు తగ్గి 168 మిగులుతాయి, 6,700 లీటర్లు చాలు. ఇంత ఖర్చు తగ్గించే మార్గం సంపు డిజైనులో ఎక్కడా లేదు. ఆ రెండు నెలల్లో ఏ నీరు తాగుతారో ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే మేస్త్రీని పిలవండి.

ఇల్లంతా వాన నీటితోనే అంటే

రోజుకు 275 లీటర్లంటే ఏడాదికి లక్ష దాటుతుంది, డాబా ఇచ్చేది 62 వేలే. ఎంత పెద్ద సంపు కట్టినా లేని నీటిని అది పుట్టించదు. నెలల లెక్కలో చూడండి. నెలకు 8,250 వాడకం. జూన్‌లో వచ్చింది జూన్‌లోనే అయిపోతుంది. జూలైలో 4,500, ఆగస్టులో 6,750, సెప్టెంబరులో 2,250 మిగులుతాయి. మొత్తం 13,500. అక్టోబరు నుంచి సంపు తగ్గడం మొదలై, డిసెంబరు నాలుగో వారంలో అడుగంటుతుంది. అంటే ఈ ఇంటికి 13,500 దాటిన సంపులో పై భాగం సగటు ఏడాదిలో తడవనైనా తడవదు. 50 వేల లీటర్ల సంపు కట్టినవాళ్లు 36 వేల లీటర్ల ఖాళీ జాగాకు సిమెంటు, కడ్డీ పోసినట్టే.

ట్యాంకరు ఖర్చు తగ్గించుకోవడమే ఉద్దేశమైతే ఇంకో దారి మేలు. వానాకాలం అయిదు నెలలూ స్నానాలు, గిన్నెలు, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ వాన నీటితో నడిపి, మిగతా ఏడు నెలలు మామూలు నీటికి వెళ్లడం. అప్పుడు సంపు దాటించాల్సింది వానాకాలం మధ్యలో వచ్చే రెండు వారాల విరామాన్నే. 275 లీటర్ల చొప్పున 14 రోజులకు 3,850. నాలుగు వేల లీటర్ల ట్యాంకు చాలు. 40 మిల్లీమీటర్ల ఒక్క మంచి వానకు 3,000 లీటర్లు వస్తాయి. ఇది నిండుతూ ఖాళీ అవుతూ, వానలు సరిగ్గా పడిన ఏడాది 35 నుంచి 40 వేల లీటర్ల దాకా వాడుకలోకి తెస్తుంది. పది వేల తాగునీటి సంపు ఏడాదంతా ఇచ్చేది 14,600. లీటరు లెక్కన చూస్తే చిన్న ట్యాంకు ఎంతో లాభం, కానీ మే నెలలో దాహం తీర్చేది పెద్ద సంపే. ఈ రెండు పనులనూ ఒకే సంపుకు అప్పగించకూడదు. బట్టల నీరూ తాగు నీరూ ఒకే సంపులోంచి తోడే ఇంట్లో సంక్రాంతికే తాగు నీరు అయిపోతుంది. మోటారు స్విచ్ వేసేవాళ్లకు ఏ నీరు ఎంత మిగిలిందో కనబడదు. అడ్డుగోడ కట్టి రెండు గదులు చేసి, తాగు నీటి గదికి మోటారు పెట్టకుండా చేతి పంపు బిగిస్తే ఆ బాధ ఉండదు.

జిల్లా మారితే వాన లేని రోజుల లెక్కా మారుతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అక్కడ సంపు నిండేది డిసెంబరుకు, పొడి కాలం జనవరి నుంచి జూన్ చివరి దాకా, 180 రోజులనుకోవచ్చు. జూన్‌లోనే సంపు నిండుతుందని నెల్లూరులో ఎదురుచూడకూడదు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. మన డాబాకు 41 వేల లీటర్లు. తాగడానికి ఇదీ ఎక్కువే, కానీ అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. ఆ రెండు నెలల్లో ఫిల్టరు మూసుకుపోయి పది రోజులు నీరు బయటికి పోతే ఆ ఏడాదికి మళ్లీ అవకాశం ఉండదు. అలాంటి చోట సంపును పెంచడం కంటే పైపులు, జాలీలు శుభ్రంగా ఉంచుకోవడం ముఖ్యం.

ఇంతకంటే కచ్చితంగా కావాలంటే మీ మండలం రోజువారీ వర్షపాతం పదేళ్లది సంపాదించి కంప్యూటరులో ఒక పట్టిక వేయండి. ప్రతి వరుస ఒక రోజు. నిన్న మిగిలింది, దానికి ఈరోజు వాన మిల్లీమీటర్లు ఇంటూ 75 కలపాలి, 40 తీసేయాలి. సంపు సైజు దాటితే దాటినంత కొట్టేయాలి, సున్నా కిందికి వెళ్తే సున్నా వేసి ఆ రోజును ఎండిన రోజుగా గుర్తించాలి. 5 మిల్లీమీటర్ల లోపు జల్లులను లెక్కలోకి తీసుకోవద్దు. సంపు సైజును 4, 6, 8, 10, 12 వేలుగా మారుస్తూ ఎండిన రోజులు లెక్కపెట్టండి. మొదట సైజు పెంచేకొద్దీ ఎండిన రోజులు దబదబా తగ్గుతాయి, ఒక చోటు దాటాక వెయ్యి పెంచినా ఒకటీ రెండు రోజులే తగ్గుతాయి. ఆ మలుపు దగ్గర ఆగడమే తెలివి.

డాబా చిన్నదైతే లెక్క తిరగబడుతుంది. 300 అడుగుల రేకుల ఇంటికి మిల్లీమీటరుకు 24 లీటర్లే వస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా 350 మిల్లీమీటర్లే పడిన కరువు ఏడాదిలో 8,400 లీటర్లు. అయిదుగురికి 40 చొప్పున వాడితే ఆ 150 రోజులకే 6,000 పోయి, చేతిలో మిగిలిన 2,400 రెండు నెలలకు మించి రావు. వంటకు వేరే నీరు వాడి తాగడానికి మాత్రమే, కాస్త ఎక్కువగా మనిషికి 4 చొప్పున వేసుకుని 20 లీటర్లే తీస్తే 5,400 మిగిలి 270 రోజులు వస్తాయి. ఈ ఇంటికి 5 వేల లీటర్ల ట్యాంకు చాలు, పది వేలది పెట్టినా కరువు ఏడాదిలో సగమే నిండుతుంది.

గుంత తవ్వేటప్పుడు పోయే లీటర్లు

ఒక ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. 8 అడుగుల పొడవు, 7 వెడల్పు, 7 లోతు సంపును మేస్త్రీ పదకొండు వేల లీటర్లదంటాడు, గుణిస్తే నిజమే. కానీ పైన ఓవర్‌ఫ్లో పైపు దగ్గర ఆరు అంగుళాలు, అడుగున మడ్డి పేరుకునే ఆరు అంగుళాలు వాడుకలోకి రావు. పనికొచ్చే లోతు 6 అడుగులే, అంటే 9,500 లీటర్లు. ఇక్కడిదాకా ఫరవాలేదు. ఆ 8, 7 అడుగులు గోడల బయటి కొలతలైతే మాత్రం ఇల్లు మునుగుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ నాలుగు వైపులా తీసేస్తే లోపల మిగిలేది ఆరున్నర, అయిదున్నర. వాడుకకు వచ్చేది 6,000 లీటర్లు. మూడో వంతుకు పైగా గోడలకే పోయింది. అందుకే కాగితం మీద "లోపలి కొలత, ప్లాస్టరింగ్ అయ్యాక" అని రాసి ఇవ్వండి.

పది వేల లీటర్లంటే పది టన్నులు. దీన్ని డాబా మీద పెట్టే ఆలోచన రానివ్వకండి. గోదావరి డెల్టాలా నాలుగడుగులు తవ్వితే నీరు పడే చోట నేల కింద సంపు వేరే రకం ప్రమాదం. వానాకాలంలో సంపు ఖాళీగా ఉంటే కింది నీటి ఒత్తిడి దాన్ని పైకి ఎత్తుతుంది, పాతిపెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు అయితే తేలి బయటికే వస్తుంది. అక్కడ నేల మీద దిమ్మె కట్టి ట్యాంకు పెట్టడమే క్షేమం.

తొలి వాన నీటిని వదిలేసే ఏర్పాటు సైజు కూడా డాబాను బట్టే. ఒక మిల్లీమీటరు వదలాలంటే మన డాబాకు 93 లీటర్లు. ప్లంబర్లు మామూలుగా నిలువుగా పెట్టే ఆరు అంగుళాల పీవీసీ పైపు మీటరుకు 18 లీటర్లకు మించి పట్టదు. మీటరు పైపు పెట్టి తొలి నీరు వదిలామనుకుంటే మిగతా 75 లీటర్ల పావురాల రెట్ట, దుమ్ము సంపులోకే. నూరు లీటర్ల డ్రమ్ము, అడుగున సన్నగా కారే చిన్న కుళాయి పెట్టండి. వాన వెలిశాక అది తనంతట తానే ఖాళీ అయి తర్వాతి వానకు సిద్ధంగా ఉండాలి. ఎవరో వచ్చి మూత తిప్పాల్సిన ఏర్పాటు రెండో వానకే మరుగున పడుతుంది.

ఓవర్‌ఫ్లో పైపు లోపలికి వచ్చే పైపు కంటే సన్నగా ఉండకూడదు. గంటకు 60 మిల్లీమీటర్ల వానలో మన డాబా నిమిషానికి 93 లీటర్లు దింపుతుంది. నాలుగంగుళాల పైపు లోపలికి పెట్టి, ఒక అంగుళం పైపు బయటికి పెడితే సంపు మూత లేచి, ముంగిట్లో నీరంతా తిరిగి లోపలికే దిగుతుంది. ఓవర్‌ఫ్లో చివర సన్న జాలీ బిగించి, దాన్ని ఇంకుడు గుంతలోకి కలపండి. ఈ జాలీ లేకపోతే దోమలు ఆ దారినే లోపలికి వెళ్లి గుడ్లు పెడతాయి.

కొత్త సిమెంటు సంపును క్యూరింగ్ అయ్యాక ఒకసారి నింపి ఆ నీటిని పారబోయాలి, తొలి నీరు సున్నపు రుచి వస్తుంది. తర్వాత వెలుతురు పడకుండా మూసి ఉంచితే నాచు పట్టదు. నిలవ నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, బకెట్‌లో కలిపి తేరిన నీటినే పోయాలి, అరగంట దాకా తోడకూడదు. క్లోరిన్ కొన్నాళ్లకు పోతుంది కాబట్టి తాగే నీటిని కాచుకోవడం ఎలాగూ తప్పదు.

సంపు కట్టాక ఒక వెదురు కర్రకు అంగుళాల గీతలు గీసి మూత పక్కనే ఉంచండి. 8 అడుగులు, 7 అడుగులు లోపలి కొలత ఉన్న సంపులో ఒక అంగుళం 132 లీటర్లు, అంటే మూడు రోజులకు కాస్త పైన. నవంబరు మొదట్లో కర్ర దించి చూడండి. మడ్డి భాగం వదిలి 72 అంగుళాలు తడిస్తే మృగశిర దాకా దిగుల్లేదు. 50 అంగుళాలే తడిసిందనుకోండి, ఉన్నది 6,600 లీటర్లు. రోజుకు 40 చొప్పున ఏప్రిల్ మధ్యలో అయిపోతుంది. అదే రోజు నుంచి 30కి తగ్గిస్తే జూన్ మొదటి వారం దాటుతుంది. ఈ సంగతి నవంబరులో తెలిస్తే బియ్యం కడిగే నీటిని మార్చుకుంటే సరిపోతుంది, మార్చిలో తెలిస్తే ట్యాంకరు పిలవాలి. మే చివరి వారంలో నీరు అడుగంటే రోజుల్లో సంపులోకి దిగి మడ్డి ఎత్తి కడగండి. మూత గంట ముందే తీసి గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టుకునే దిగాలి.